ఇనుప కారు హారన్

ఉదయం కాఫీతో హెర్మీనా పెట్టిన చక్కెర ముక్కలను ఒట్టోకర్ ఎప్పటిలాగే కోటు జేబులో వేసుకుని, చేదు కాఫీ గటగటా తాగేశాడు. నెల రోజులుగా ఇదే వరస. కాఫీ హోటల్లో పక్క బల్లల మీద మిగిలినవీ ఆ జేబులోకే పోతున్నాయి.

"ఆ గుర్రాల పోషణ ఇవాళ్టితోనైనా అయిపోతుందా అండీ?" అంది హెర్మీనా.

"కారు నెగ్గితే అది అయిపోతుంది. లేకపోతే నేనే అయిపోతాను."

ఆయన భయం ఉత్తుత్తిది కాదు. ఉన్నదంతా ఊడ్చిపెట్టి, చుట్టూ ఉక్కు రేకులు తొడిగి, నెత్తిన మరతుపాకీ గూడు కట్టి చేసిన కారును ఇవాళ జనరల్ లాంగెనావ్ చూడబోతున్నారు. ఆస్ట్రియా సైన్యంలో జనరల్ అంటే ముందు రౌతు, తర్వాతే మనిషి. ఒక్క గుర్రం బెదిరినా కారు పని ముగిసినట్టే. అందుకే ఒట్టోకర్ రోజూ సైన్యం లాయాలకు కారు తోలుకెళ్లి, హారన్ కొట్టి, దగ్గరికొచ్చిన ప్రతి గుర్రానికీ చక్కెర పెట్టి మచ్చిక చేశాడు.

"వెంజెల్, చచ్చినా ఇవాళ హారన్ ముట్టుకోకు," అన్నాడు డ్రైవరుతో.

"పొద్దుట్నించీ అదే చెబుతున్నారు అయ్యగారూ. నా చేతులు నా దగ్గరే ఉంటాయి."

మైదానంలో అశ్వదళం బారులు తీరి ఉంది. కారు పొగ కక్కుతూ, రొదపెడుతూ ఎదురుగా వెళ్లి ఆగింది. ఒక్క గుర్రం చెవి కూడా కదపలేదు. ఒట్టోకర్‌కు ప్రాణం లేచొచ్చింది. జనరల్ ముచ్చటపడి, వెంజెల్‌ను దింపి, తానే లోపలికెక్కి కూర్చున్నారు. ఒట్టోకర్ పక్కన ఇరుక్కున్నాడు.

"ఏమిటోయ్ ఈ రబ్బరు బుడ్డి?" అంటూనే జనరల్ దాన్ని నొక్కేశారు.

దళమంతా ఒక్కసారిగా కారు వైపు కదిలింది. రౌతులు కళ్లేలు ఎంత లాగినా లాభం లేకపోయింది. తన గుర్రం తన మాట వినలేదని లోకానికి తెలిస్తే తలెత్తుకోలేనని, దళాన్ని నడిపే కర్నల్ చటుక్కున కత్తి దూసి, "దాడి చెయ్యండి," అని అరిచాడు.

ఉక్కు రేకుల సందులోంచి చూసిన జనరల్ ముఖం పాలిపోయింది. "నా మీదికే దాడా? తిరుగుబాటా ఇది?"

సాయం కోసం జనరల్ మళ్లీ హారన్ కొట్టారు, ఆపకుండా కొట్టారు. ఇన్నాళ్లూ పక్క లాయంలో చక్కెర వాటా తిన్న ఫిరంగి గుర్రాలు ఫిరంగులతో సహా వచ్చేశాయి. సందులోంచి ఒక మూతి లోపలికొచ్చి జనరల్ మీసాలు నాకింది. నా కారు పోయింది, నేనూ పోయాను అనుకుని ఒట్టోకర్ కళ్లు మూసుకున్నాడు.

చివరికి జనరల్ బయటికొచ్చి మీసాలు తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ల కొలువులో," అన్నారు, "ఒక్క గుర్రమూ వెనకబడని దాడి ఇవాళే చూశాను."

"చిత్తం," అన్నాడు కర్నల్, కత్తి ఇంకా దించకుండానే.

"ఈ ఇనప్పెట్టె మాకెందుకయ్యా, తీసుకుపో. ఆ హారన్లు మాత్రం దళానికొకటి చొప్పున చేసి పంపు."

ఒట్టోకర్‌కు ఏడుపొచ్చింది. దాన్ని మింగి సెల్యూట్ కొట్టాడు.

"ఏమన్నారండీ?" అంది హెర్మీనా ఇంటికి రాగానే, కాఫీ ముందు పెడుతూ.

"ఆర్డరిచ్చారు," అని ఆయన చక్కెర ముక్కలన్నీ కాఫీలోనే వేసుకున్నాడు.

చక్కెర సంగతి జనరల్ అడగనూ లేదు, ఒట్టోకర్ చెప్పనూ లేదు.