పెద్దదానికి గట్టిది, చిన్నదానికి తేలికది

శనివారం పొద్దున మొగులయ్య వేసుకున్న పథకం చిన్నదే. పూల్ మందులు అమ్మే నిలేష్‌కు ఫోన్ చేసి ఏ షాక్ వాడాలో తేల్చుకోవడం, బస్సెక్కి వర్లి వెళ్లడం, చీకటి పడగానే మందు వేయడం. వర్లిలోని ముప్పై అంతస్తుల బిల్డింగులో స్విమ్మింగ్ పూల్, దాని పక్కన వేడినీళ్ల హాట్ టబ్, రెండింటి నీళ్లూ పదకొండేళ్లుగా ఆయన పూచీ. పాడైన నీళ్లను ఒక్క దెబ్బకు దారికి తెచ్చే మందును ఆ పనివాళ్లు షాక్ అంటారు.

సోమవారం పిల్లల ఈత పోటీలు. అప్పటికి పాచి పట్టిన నీళ్లు బాగుపడకపోతే ఇంకో మనిషిని చూసుకుంటానని బిల్డింగు సెక్రటరీ నీతా మేడం చెప్పేసింది. పూల్ ఒక్క రాత్రి మూసినా ఊరుకోనని కూడా అంది. క్లోరిన్ షాక్ వేస్తే పాచి చస్తుంది గానీ ఓ రాత్రంతా ఎవరూ దిగకూడదు. క్లోరిన్ లేనిది వేస్తే పావుగంటలో దిగవచ్చు గానీ పాచి చావదు. ఈ చిక్కుతో మూడు రోజులుగా మొగులయ్యకు అన్నం సహించడం లేదు.

గదిలో సిగ్నల్ అందదు. కామాఠిపురలో వరస గదుల చాల్‌లో తమ గది ముందు గ్యాలరీలో నిలబడి గట్టిగా మాట్లాడాడు.

"నిలేష్, పెద్దది పచ్చగైంది. చిన్నది నురుగు కక్కుతుంది. ఏం జెయ్యాలె?"

అవతలి మాట విని తల ఊపాడు.

"చిన్నదానికి తేలిక షాక్ సాలంటవ్. పెద్దదానికి మాత్రం గట్టిదే ఇయ్యాలె. సరే, పొద్దుగూకినంక ఇస్త. ఎవ్వరేమన్న గానీ తెల్లారేదాంక దగ్గరికి రానియ్య."

పక్క గది గుమ్మంలో బియ్యం ఏరుతున్న బాలమ్మ చేతులు ఆగిపోయాయి. మొగులయ్యకు ఇద్దరు కూతుళ్లు. ఆమె మెల్లగా అటు తిరిగి చూసింది. పెద్దది దర్శన ముఖానికి పసుపూ పెరుగూ పట్టించుకుని పచ్చగా కూర్చుని ఉంది. చిన్నది మేఘా నల్లా దగ్గర పళ్లు తోముకుంటోంది, నోటినిండా నురుగు. బాలమ్మకు ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది.

మొగులయ్య బస్సెక్కాడు. బాలమ్మ ఫోరస్ రోడ్డులో కూరగాయలు కొంటున్న ఆయన భార్య దగ్గరికి ఉరికింది.

"రేణుకా, మీ ఆయన పిల్లలకు కరెంట్ షాక్ ఇప్పిస్తుండు. పొద్దుగూకినంకనట. నా చెవులతోటి విన్న."

"ఏం మాట్లాడుతున్నవ్ అక్కా?"

"పెద్దదానికి కామెర్లు, చిన్నదానికి ఫిట్స్. నీకు జెప్పలేదా?"

రేణుక నాలుగుసార్లు ఫోన్ చేసింది. రబ్బరు గ్లవ్స్ వేసుకున్న మొగులయ్య ఎత్తలేదు. ఆయన మూడు రోజులుగా సరిగ్గా తినకపోవడం, నిద్రలో "పెద్దది చేతుల నుంచి పోతున్నది" అని గొణగడం ఇప్పుడు ఆమెకు అర్థమయ్యాయి. కూరగాయలు అక్కడే వదిలేసి బాలమ్మతో ఇంటికి పరుగెత్తింది.

"మాకేం కాలే మమ్మీ. గిది ఫేస్‌ప్యాక్," అంది దర్శన.

"మొదట్ల గట్లనే అంటరు బిడ్డా," అంది బాలమ్మ.

నలుగురూ టాక్సీలో వర్లి చేరారు. గేటు దగ్గర వాచ్‌మన్ అతుల్ ఆపాడు. రేణుకకు ఏడుపులో సగం మాటలే వచ్చాయి. "బచ్చోం కో షాక్... స్విమ్మింగ్ పూల్ వాలా..."

పిల్లలు, పూల్, షాక్ అన్న మూడు మాటలూ విని అతుల్ ఇంటర్‌కామ్ ఎత్తాడు. పది నిమిషాల్లో ముప్పై అంతస్తులకూ కబురు పాకింది: పూల్‌లో కరెంటు వస్తోంది, పిల్లలకు షాక్ కొట్టింది. ఎవరో కరెంటు మెయిన్ స్విచ్ ఆపేశారు. లిఫ్టులు నిలిచిపోయాయి. నీతా మేడం మెట్లు దిగి వచ్చేసరికి చెప్పులు చేతిలో ఉన్నాయి.

చీకటైన పంపు గదిలోంచి బకెట్టుతో బయటికి వచ్చిన మొగులయ్యకు ఎదురుగా భార్యాబిడ్డలు, బాలమ్మ, సగం బిల్డింగు కనిపించారు. రేణుక ఆయన చెయ్యి పట్టుకుంది.

"పిల్లలకు షాక్ ఎందుకయ్యా? మంచి దవాఖానకు తీస్కపోదాం."

విషయం బోధపడటానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

"పెద్దదంటె పూల్. చిన్నదంటె టబ్," అన్నాడు నీరసంగా.

"నాయినా, ఇగ నుంచి పూల్‌ను పూల్ అనే అను," అంది దర్శన.

ఇవాళ్టితో ఉద్యోగం పోయిందనుకుని మొగులయ్య తల వంచాడు. కానీ నీతా మేడంకు తెలుగు రాదు, ఎవరి మాటా వినిపించుకునే స్థితిలోనూ లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి బాగుందని చెప్పినా సరే, సోమవారం దాకా పూల్‌లో ఎవరూ కాలు పెట్టకూడదని అందరి ముందూ హిందీలో ప్రకటించింది. మూడు రోజులుగా మొగులయ్య ఆమెను బతిమాలింది అదే. ఆయన వంచిన తల ఎత్తలేదు, ముఖంలో సంతోషం కనబడుతుందని.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఏ లోపమూ లేదన్నాడు. పంపు మళ్లీ తిరిగింది. పొద్దుగూకాక మొగులయ్య క్లోరిన్ పొడి బకెట్టు నీళ్లలో కరిగించి, పూల్ చుట్టూ తిరుగుతూ పోశాడు. టబ్‌కు తేలికది వేశాడు. రెండు రాత్రులు, ఒక పగలు ఎవరూ అటు రాలేదు.

సోమవారం పొద్దున అడుగున పరిచిన టైల్స్ ఒక్కొక్కటీ లెక్కపెట్టేంత తేటగా ఉన్నాయి నీళ్లు. నీళ్లలో ముంచిన పరీక్ష కాగితం రంగు కూడా సరిగ్గానే వచ్చింది. కానీ కరెంటు భయంతో తల్లులెవరూ పిల్లల భుజాలు వదల్లేదు.

"ముందు మొగులయ్య దిగి చూపించాలి," అంది నీతా మేడం.

ఆయన చొక్కా విప్పి, నిచ్చెన పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, గొంతులోతు నీళ్లలో నిలబడి అందరికేసీ చూసి నవ్వాడు. ఈత రాదన్న సంగతి పదకొండేళ్లుగా ఆయన ఎవరికీ చెప్పలేదు.