ఒక బొడ్డుతాడు, రెండు పెట్టెలు

ఆ ఉదయం కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పెందలాడే వెళ్ళి గదుల చల్లదనం ఒకసారి చూసుకోవడం, ఇంటికొచ్చి భార్యను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, మళ్ళీ పనిలోకి పోవడం. ఆవిడకు నెలలు నిండాయి గానీ డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా వారం ఉంది. తేదీ అంటే తేదీయేనని నమ్మే మనిషి అతను. క్యారెట్ల లారీ ఒకరోజు ముందొచ్చినా గేటు తీయనివ్వడు.

అతనికి భయాలెక్కువ. బిడ్డ సంగతి తెలిసినప్పటి నుంచీ అవి రెట్టింపయ్యాయి. సరిగ్గా అలాంటి సమయంలో ఆస్పత్రి వరండాలో టై కట్టుకున్న ఏజెంటు ఒకడు తారసపడ్డాడు. బొడ్డుతాడు రక్తంలో మూలకణాలుంటాయనీ, కాన్పప్పుడు దాన్ని పట్టి దాచుకుంటే రేపు బిడ్డకు ఏ రక్తపు జబ్బో వచ్చినప్పుడు అక్కరకొస్తుందనీ, ఈ అవకాశం పోతే మళ్ళీ రాదనీ చెప్పాడు. గడ్డకట్టించి దాస్తామన్న మాట వినగానే సూపర్‌వైజరుకు ప్రాణం లేచొచ్చింది. అక్కడికక్కడే సంతకం పెట్టేశాడు. భార్యకు మాత్రం చెప్పలేదు. ఆవిడ లైబ్రేరియను. ఏ వస్తువైనా నలుగురి చేతుల్లో నలగకపోతే దండగ అనే రకం. తాళం వేసి దాచుకోవడం అంటే ఆవిడకు ఒళ్ళుమంట.

రక్తం పట్టే సంచీ పెట్టి ఏజెంటు ఇచ్చిన పెట్టెను అందుకే ఇంటికి తీసుకెళ్ళలేదు. దాని మీద చల్లని చోట ఉంచరాదని పెద్దక్షరాలతో రాసుంది. రాసినవాడు జన్మలో ఒక్క క్యారెట్టయినా నిల్వ చేసి ఉండడని సూపర్‌వైజరు జాలిపడ్డాడు. పెట్టెను భద్రంగా క్యారెట్ల గదిలో, వెనక వరసలో పెట్టి వచ్చాడు.

అతను గిడ్డంగిలో అడుగుపెట్టాడో లేదో అత్తగారి ఫోను.

"బాబూ, అమ్మాయికి నొప్పులొస్తున్నాయి. మేం ఆస్పత్రికి బయల్దేరాం. మీరు అక్కడికే వచ్చేయండి."

"తేదీకి ఇంకా వారముందిగా అత్తయ్యగారూ?"

"ఆ ముక్క లోపలున్న వాళ్ళకి చెప్పండి బాబూ."

సూపర్‌వైజరు క్యారెట్ల గదికి పరుగెత్తాడు. పెట్టెకు అడ్డంగా తెల్లవారుజామున దిగిన సరుకు కొండలా పేర్చి ఉంది. హమాలీలను బతిమాలి, కసిరి, మళ్ళీ బతిమాలి దారి చేయించుకుని పెట్టె బయటికి లాగితే, అది చేతికి జివ్వుమంది. ఆటో ఎక్కి ఏజెంటుకు ఫోను చేశాడు. చల్లటి గదిలో పెట్టిన సంచీలోకి రక్తం పట్టకూడదనీ, తాను ఇంకొకటి పట్టుకుని వస్తున్నాననీ ఏజెంటు ఏడుపు గొంతుతో చెప్పాడు.  ఏజెంటు వేళకు రాకపోతే ఎలాగని సూపర్‌వైజరు ఆ పెట్టెనే చొక్కా లోపల పెట్టుకుని, పొట్ట వేడితో దాన్ని వెచ్చచేసుకుంటూ ఆస్పత్రిలో దిగాడు. చూసినవాళ్ళకు నొప్పులెవరికో తెలియలేదు.

వరండా చివర స్తంభం పక్కన నిలబడి మళ్ళీ ఏజెంటుతో గుసగుసలు మొదలుపెట్టాడు.

"త్వరగా రండి సార్. బిడ్డకి రక్తం జబ్బు అంటే మాటలా? ఈ పూట దాటితే ఇంక మన చేతుల్లో ఏమీ ఉండదు. మా ఆవిడకి మాత్రం ఏమీ తెలియకూడదు."

స్తంభానికి అవతల అత్తగారు వేడినీళ్ళ ఫ్లాస్కుతో నిలబడి ఉన్నారు.

ఆవిడ అల్లుణ్ణి నిలదీసి అడిగే మనిషైతే కథ అక్కడితో అయిపోయేది. అల్లుడి ముఖం చిన్నబోయే మాట ఒక్కటీ ఆవిడ నోట రాదు. అందుకని నిశ్శబ్దంగా వెనక్కి తిరిగి, కనపడిన మొదటి నర్సును పట్టుకుని, పుట్టబోయే బిడ్డ రక్తానికి జబ్బుంటే ఏ డాక్టరు చూస్తారని అడిగారు. అల్లుడు దాస్తున్నాడని కూడా చెప్పి కళ్ళొత్తుకున్నారు. నర్సు పరుగున వెళ్ళి డ్యూటీ డాక్టరమ్మ చెవిన వేసింది. రోజూ చూసే డాక్టరు ఆ వారం సెలవులో ఉండటంతో, ఆ పూట వచ్చిన ఈ డాక్టరమ్మకు వీళ్ళ సంగతేమీ తెలియదు.

డాక్టరమ్మ నేరుగా సూపర్‌వైజరు దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"దాచకుండా చెప్పండి. ఇది మీ వైపు నుంచా, ఆవిడ వైపు నుంచా?"

పెట్టె సంగతి బయటపడిందనుకుని సూపర్‌వైజరు తల దించుకున్నాడు.

"పూర్తిగా నా వైపు నుంచేనండి. ఆవిడకేం తెలియదు. చెబితే గొడవవుతుందని దాచాను."

"పెళ్ళికి ముందు నుంచీ ఉందా?"

"లేదండి, పోయిన నెలే. ఇక్కడే, ఈ వరండాలోనే తగులుకుంది."

పోయిన నెల ఆస్పత్రి వరండాలో తగులుకున్న రక్తం జబ్బేమిటో డాక్టరమ్మకు అంతుబట్టలేదు. అతను పొట్ట పట్టుకుని వంగి నిలబడటం, చొక్కా తడిసి ఉండటం చూసి మాత్రం విషయం తీవ్రమైనదేనని నిర్ణయించుకుంది. పిల్లల డాక్టరును పిలవమంది, అతనికి రక్తపరీక్షలు రాసింది. ఇద్దరు నర్సులు అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి సూది గుచ్చుతుంటే, తన భయాలన్నీ నిజమవుతున్నాయని సూపర్‌వైజరు నీరుగారిపోయాడు. ఈలోగా కూతురి పక్కన కూర్చుని ధైర్యం చెప్పబోయిన అత్తగారు వెక్కివెక్కి ఏడ్చేశారు. దాంతో లోపలి నుంచి కబురొచ్చింది. ఆయన్ని పంపించండి, వెంటనే.

నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి తీసుకుంటూ భార్య అతని వైపు చూసింది.

"మన బిడ్డకేమైంది? నిజం చెప్పండి."

అతను చొక్కా లోపలి నుంచి పెట్టె తీసి మంచం మీద పెట్టాడు. అంతా చెప్పేశాడు. ఏజెంటు, సంతకం, క్యారెట్లు, ఏదీ మిగల్చలేదు. ఆవిడ పెట్టెను పక్కకు నెట్టింది.

"పిల్ల ఇంకా పుట్టనే లేదు. అప్పుడే జబ్బు కూడా తెచ్చిపెట్టేశారా?"

"భయమేస్తోంది," అన్నాడు అతను. ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"నాకు మాత్రం వెయ్యట్లేదా?" అంది ఆవిడ. ముఖం పక్కకు తిప్పుకుని మెల్లగా చెప్పింది. "నేనూ ఒక సంతకం పెట్టాను. ఆ రక్తం దానం చేస్తానని. ఎవరి పిల్లకి సరిపోతే వాళ్ళకి ఇస్తారట. దానం సెంటరావిడ దారిలో ఉంది."

"నాకు చెప్పకుండానా?"

"చెబితే మీకు నిద్ర పట్టదని."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కోపం తెచ్చుకునే హక్కు ఎవరికీ మిగల్లేదు. అప్పుడే ఆవిడకు మళ్ళీ నొప్పి వచ్చింది. అది తగ్గాక, "మీరూ ఆ పెట్టెలవాళ్ళూ బయట తేల్చుకుని నర్సుకు చెప్పండి. నాకిక్కడ వేరే పనుంది," అంది.

బయట ఏజెంటు కొత్త పెట్టెతో, దానం సెంటరావిడ తన పెట్టెతో అప్పటికే ఎదురెదురుగా నిలబడి మర్యాదగా పోట్లాడుకుంటున్నారు. కోర్టులో బెంచి గుమాస్తాగా రిటైరైన మామగారికి అది చూసి పాత రోజులు గుర్తొచ్చాయి. ఆయన బల్ల మధ్యలో కూర్చుని, ఇద్దరినీ చెరోపక్క నిలబెట్టి, ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు నోరు మెదపరాదని ఆజ్ఞాపించారు.

"బిడ్డ రక్తం బిడ్డకే చెందాలండి. అంతే న్యాయం," అన్నాడు ఏజెంటు.

"పుట్టుకతో వచ్చే జబ్బైతే ఆ రక్తంలోనూ అదే లోపం ఉంటుంది కదండీ. అప్పుడు ఇంకొకరిదే కావాలి. అందరూ ఎవరిది వాళ్ళు దాచుకుంటే ఆ ఇంకొకరు ఎక్కణ్ణుంచి వస్తారు?" అంది సెంటరావిడ.

"రేపు చెల్లో తమ్ముడో పుడితే వాళ్ళకి పనికిరావచ్చు."

"పుట్టని తమ్ముడి కోసం దాచి, ఇవాళ మంచం మీదున్న పిల్లకి లేదనమంటారా?"

సూపర్‌వైజరు ఇద్దరి మాటలకూ తలూపాడు. ఆ మంచం మీదున్న పిల్ల ఎవరో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. వెంటనే ఆ ముఖం తన బిడ్డ ముఖమైపోయింది. ఇచ్చేద్దామనుకుంటే భయమేసింది, దాచుకుందామనుకుంటే సిగ్గేసింది. మామగారి వైపు చూశాడు.

"అసలు ప్రశ్న వేరే ఉంది," అన్నారు మామగారు కళ్ళజోడు సవరించుకుంటూ. "సొత్తేమో మైనరుది. దాన్ని దానం చేసే అధికారం తల్లికెక్కడిది? తాళం వేసే అధికారం తండ్రికెక్కడిది? మైనరు అభిప్రాయం ఎవరైనా కనుక్కున్నారా?"

"ఇంకా పుట్టలేదు కదండీ," అంది సెంటరావిడ.

"అయితే వాయిదా వేయాలి."

వాయిదా కుదరదని ఇద్దరూ ఒకేసారి గొంతులెత్తారు. అత్తగారు మధ్యలోకొచ్చి, జబ్బు లేదని ముందు తనకెవరినైనా గట్టిగా చెప్పమని ఏడుస్తూ అడిగారు. ఆవిణ్ణి ఓదార్చడానికి కొంతసేపు పట్టింది. ఆ తరువాత వాదన మొదటికొచ్చింది. ఈ గోలలో నర్సు రెండుసార్లు తలుపు తీసి ఏమి నిర్ణయించారని అడిగింది. రెండుసార్లూ మామగారు చెయ్యెత్తి ఆగమన్నారు.

మూడోసారి తలుపు తీసింది డాక్టరమ్మ. చేతుల్లో తెల్లటి గుడ్డలో చుట్టిన మూట ఉంది.

"ఆడపిల్ల. తల్లీబిడ్డా ఇద్దరూ బాగున్నారు. జబ్బూ లేదు, గిబ్బూ లేదు."

సూపర్‌వైజరు బల్ల మీద కూలబడ్డాడు. ఏజెంటూ, సెంటరావిడా మాత్రం పెట్టెలు తెరిచి ఒక్క అడుగు ముందుకేశారు.

"ఆ బొడ్డుతాడు రక్తం..."

"ఏం చేయాలో ఎవరూ చెప్పలేదుగా," అంది డాక్టరమ్మ. "ఎవరూ చెప్పనప్పుడు నేను అందరికీ చేసేదే చేశాను. తాడు కొట్టుకోవడం ఆగేదాకా చూసి అప్పుడు కోశాను. అందులో ఉన్నదంతా దాదాపు పిల్లలోకే వెళ్ళిపోయింది. మిగిలింది మీ పెట్టెలకు చాలదు."

 సూపర్‌వైజరు లేచి కూతుర్ని చేతుల్లోకి తీసుకున్నాడు. ఎర్రగా, బరువుగా, వెచ్చగా ఉంది. అతని కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచలేకపోయినందుకో, ఇవ్వలేకపోయినందుకో అతనికీ తెలియలేదు. మామగారూ, అత్తగారూ, ఏజెంటూ, సెంటరావిడా చుట్టూ మూగి వంగి చూశారు.

తన హక్కుల కోసం అంతసేపు గొంతు చించుకున్న ఆ పెద్దల్లో ఒక్కరినైనా పిల్ల కళ్ళు తెరిచి చూడలేదు.