బీరయ్య బర్రె, ఒక్క నిమిషం సినిమా

శాలిబండలో సినిమా బ్యానర్లు రాసే ఓదెలుకు ఆ పొద్దున ఉన్న పని ఒక్కటే. హీరో మీసంలో మిగిలిపోయిన ఎడమ సగం పూర్తిచేసి, మధ్యాహ్నానికల్లా భార్య రాజమణిని బార్కస్‌లో ఉన్న ఆమె అక్క ఇంటికి తీసుకుపోవాలి. అక్కడ జామపండ్లు దిగాయని కబురొచ్చింది. అది డెబ్బయ్యేడో సంవత్సరం. కొత్త సినిమా వచ్చిందని పాతబస్తీ జనానికి తెలిసేది పేపరు చూసి కాదు, ఓదెలు బ్యానరు టాకీసు మీదికి ఎక్కడం చూసి.

మీసం సగంలో ఉండగా పాల బీరయ్య వచ్చాడు. పన్నెండు బర్రెలున్న మనిషి. ఈ మధ్య గల్లీలోకి సీసా పాలు రావడంతో ఆయన ఖాతాలు ఒక్కొక్కటే జారిపోతున్నాయి.

"తమ్మీ, టాకీసుల ఇంటర్వల్‌కు స్లైడు ఏస్తరు గదా. నాకొకటి రాసియ్యి. 'బీరయ్య చిక్కటి పాలు' అని. ఎంతైతది?"

ఇరవై రూపాయలని చెప్పి ఊరుకుంటే మధ్యాహ్నానికి జామపండ్లు తినేవాడు. కానీ ఓదెలుకు లోపల ఓ కోరిక ఉండేది. ఇరవై ఏళ్లుగా టాకీసు బయట గోడకు బొమ్మలు వేస్తున్నాడు. లోపల తెర మీద తన గీత ఒక్కటి కూడా పడలేదు.

"స్లైడు అందరేస్తరన్నా. నేను నీ బర్రెను తెర మీద నడిపిస్త."

"ఏందీ, నడిపిస్తవా?"

"బొమ్మల సినిమా. ఒక్క నిమిషం. నల్లా ఇప్పుతరు, బకెట్ నిండుతది, బర్రె కడుపునిండ తాగుతది, పాలిస్తది, ఆఖరుకు గిలాస నిండ చిక్కటి పాలు. కింద నీ పేరు."

బీరయ్య దగ్గరికి జరిగాడు. "ఎంతైతది?" అన్నాడు మెల్లగా. ఓదెలు నోటికొచ్చిన మాట అన్నాడు. "మూడొందలు." బీరయ్య ఆ సాయంత్రమే తెచ్చిచ్చాడు.

మర్నాటికల్లా సంగతి టాకీసు యజమాని శివయ్య చెవిన పడింది. ఆయన ఆడిస్తున్న సినిమాకు జనం లేక కుర్చీల్లో పిల్లులు పడుకుంటున్నాయి. ఆయన ఓదెలును ఒక్కమాటైనా అడగకుండా కరపత్రాలు అచ్చు వేయించేశాడు. "వచ్చే నెల మొదటి శుక్రవారం నుండి, ఉచితంగా చూడండి, నడిచే బర్రె!"

ఓదెలు ధైర్యంగానే ఉన్నాడు. ఓ వంద బొమ్మలు గీస్తే సరిపోతుందని అతని లెక్క. స్టూడియోలో కెమెరా అసిస్టెంటుగా పనిచేసే బావమరిది రామ్‌చందర్ వచ్చేవరకే ఆ ధైర్యం.

"బావా, సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు పడాలె. నిమిషానికి పద్నాలుగు వందల నలభై."

ఓదెలు చేతిలోని కుంచె డబ్బాలో పడిపోయింది.

"ఫికర్ చెయ్యకు. ఒక్కో బొమ్మను కెమెరాల రెండుసార్లు కొడ్త. ఏడొందల ఇరవై గియ్యి చాలు. షూటింగుల మిగిలిన రీలు ముక్కలు నా దగ్గరున్నయ్. గానీ ఆ రీలు కడుగుడు, ప్రింటు కొట్టుడు మద్రాసుల. ఆ ఖర్సు నీదే. పది దినాలల్ల బొమ్మలు నా చేతికి రావాలె."

రోజంతా గీస్తే ఓదెలు చేతికి తెగేవి ముప్పై. రెండు రోజులు తలెత్తకుండా గీసి, మూడో రోజు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. రాజమణి వచ్చి ఎదురుగా నిలబడింది.

"నీ నోరు ఊకుండదు గదా. స్లైడు అంటే స్లైడే రాసియ్యరాదు?" అని కొంగు బిగించింది. "నేను ముగ్గులేస్త. పక్కింటి ఖాజాబీ మెహందీ పెడ్తది. మాకేం చేతుల్లేవా?"

ఖాజాబీ గాజుల దుకాణం కట్టేసి వచ్చింది. మరో నలుగురు ఆడవాళ్లను తెచ్చింది. ఓదెలు కిటికీ అద్దం ఊడదీసి మంచం మీద పరిచి, కింద బల్బు పెట్టాడు. కింది బొమ్మ మీద కొత్త కాగితం పెట్టి, కాలు కాస్త జరిపి గీయాలి. కాగితం ఖర్చు తగ్గుతుందని శివయ్య టాకీసు పాత కరపత్రాల వెనకవైపు గీశారు. అయినా చాయ్, బిస్కెట్లు, సిరా, కరెంటు, మద్రాసు ఖర్చు కలిసి లెక్క ఎనిమిది వందల పన్నెండుకు చేరింది. మూడు వందలు పోగా మిగతాదానికి ఓదెలు ఇకమీదట రాయాల్సిన ఐదు బ్యానర్ల కూలి ముందుగానే తెచ్చుకున్నాడు.

అందరూ ఒకే బర్రెను దిద్దారు కానీ ఎవరి బర్రె వాళ్లదే అయింది. రాజమణి గీసినదానికి నుదుట బొట్టు వచ్చింది. ఖాజాబీ గీసినదానికి తోక చివర మెహందీ తీగ పుట్టింది. అన్నిటికీ కష్టం కాళ్ల దగ్గరే. "నాలుగు కాళ్లెందుకిచ్చిండో దేవుడు, రెండిస్తే సరిపోకపోవునా?" అని రాజమణి మణికట్టు నొక్కుకునేది. కానీ ఆ ఎనిమిది రోజులు ఆ ఇంట్లో విన్నంత నవ్వు ఓదెలు తన జన్మలో వినలేదు.

ఆఖరి రోజున కట్ట కట్టింది ఖాజాబీ. కాగితాల మూలన అంకెలు కూడా ఆమే వేసింది, ఉర్దూలో. చివరగా గీసిన 'బీరయ్య చిక్కటి పాలు' కాగితం అన్నిటికీ పైన ఉండిపోయింది. రామ్‌చందర్‌కు ఉర్దూ అంకెలు రావు. పైన పేరు కనబడింది. సినిమా అన్నాక పేర్లతోనే మొదలవుతుంది కదా అనుకుని, పైనుంచి కిందికి వరసగా కొట్టేశాడు.

ప్రింటు శుక్రవారం పొద్దున రైల్లో దిగి నేరుగా టాకీసుకు పోయింది. ఒకసారి చూసుకునే వ్యవధి కూడా లేదు. అక్కడ జనం రోడ్డు దాకా ఉన్నారు. చాలామంది నిజం బర్రె వస్తుందనుకున్నారు. ఒకాయన గడ్డి మోపు తెచ్చాడు. మున్సిపాలిటీ జవాను గేటు దగ్గర నిలబడి, "జంతువును లోపలికి తెస్తె కేసు రాస్త," అని ఒకటే లొల్లి.

బీరయ్య కొత్త తలపాగా చుట్టుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. వెనక గోడ దగ్గర ఓదెలు, రాజమణి, ఖాజాబీ. దీపాలు ఆరిపోయాయి.

తెర మీద పేరు పడింది. బీరయ్య చిక్కటి పాలు. చప్పట్లు. తర్వాత నిండు గిలాస. అందులోంచి పాలు లేచి చెంబులోకి పోయాయి. చెంబులోంచి లేచి బర్రె పొదుగులోకి దూరాయి. బర్రె వెనక్కి వెనక్కి నడిచి బకెట్లో మూతి పెట్టింది. బకెట్ నీళ్లతో నిండింది. ఆ నీళ్లు తిన్నగా పైకి లేచి నల్లాలోకి పోయాయి. ఆఖరున తెర మీద మిగిలింది నల్లా ఒక్కటే.

బాల్కనీలోంచి ఒక గొంతు లేచింది.

"అరె భాయ్! బీరయ్య పాలు ఎక్కడికెల్లి వస్తున్నయో ఇప్పుడు తెలిసింది!"

టాకీసు పైకప్పు లేచిపోయేంత నవ్వు. అసలు సినిమా మొదలుకానివ్వలేదు. మళ్లీ వెయ్యమన్నారు. నాలుగుసార్లు వేశారు.

ఓదెలుకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అయినా ఎత్తాడు. వెనక్కి నడుస్తూ ఆ బర్రె ఒకసారి కన్నార్పింది. ఆ కన్నార్పడం తను గీసిందే, ఏడు కాగితాల మీద. కళ్లు తుడుచుకుంటుంటే బీరయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"నా ఇజ్జత్ నల్లాల కలిపినవ్ గదరా!"

"అన్నా, ఎనుక ముందైంది, నా మాట ఇను..." అనేలోపే బీరయ్య వెళ్లిపోయాడు.

మర్నాడు తెల్లవారాక, మూడు వందలు ఎలా తిరిగివ్వాలో తెలియకపోయినా క్షమాపణ అయినా చెబుదామని ఓదెలు పాల కొట్టానికి పోయాడు. అక్కడ గిన్నెలు పట్టుకుని వీధి మలుపు దాకా జనం. "సినిమా బర్రె ఏది?" అని అడుగుతున్నారు. రోషంతో బీరయ్య బర్రెను వాకిట్లోకి తెచ్చి, అందరి కళ్లముందే, ఎవరి గిన్నెలో వాళ్లకు పిండుతున్నాడు.

"జూడుండ్రి! నల్లా ఎక్కడన్న ఉన్నదా? జూడుండ్రి!"

కళ్లముందు పిండిన పాలు ఎవరికి చేదు? సీసా పాలకు పోయినవాళ్లంతా తిరిగొచ్చారు. వారం తిరక్కుండానే బీరయ్య మరో రెండు బర్రెలు కొన్నాడు. ఓదెలును పిలిచి, ఖర్చు లెక్క అడిగి, తిట్టడం ఆపకుండానే మిగతా ఐదు వందల పన్నెండూ చేతిలో పెట్టాడు.

శివయ్య టాకీసులో తర్వాతి ఆరు వారాల్లో అసలు సినిమాలు మూడు మారాయి. బర్రె మారలేదు, హౌస్‌ఫుల్ బోర్డూ దిగలేదు. వసూళ్లలో వాటా ఏమైనా ఇస్తారేమోనని ఓదెలు వెళ్తే, శివయ్య చాయ్ తెప్పించి, ఆ జనమంతా కొత్త హీరోయిన్ కోసమే వచ్చారని చెప్పాడు. ఆ వెంటనే కుర్చీ దగ్గరికి జరుపుకుని, తన క్యాంటీన్ సమోసాల మీద కూడా ఒక నిమిషం సినిమా కావాలన్నాడు.

ఓదెలు ఇంటికొచ్చి భయంభయంగా ఆ మాట చెప్పాడు. సమోసాకు కాళ్లు ఉండవని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాక, రాజమణి కిటికీ అద్దం ఊడదీసింది.