ఫ్రీజర్‌లో సముద్ర రాక్షసుడు

కళ్లజోళ్ల షాపు నడిపే అల్లుడుగారి ప్లాను ఆ ఉదయం చాలా చిన్నది. పెట్టెలోంచి కామిక్కు తీసి అద్దాల కేసులో పెట్టాలి, అంతే. ఆదివారం కామిక్కుల సేకర్తల సంఘం అధ్యక్షుడు వచ్చి చూసి తల ఊపితే వాళ్ల ప్రదర్శనలో నడిమధ్య బల్ల దానిదే. అదేమన్నా ఆషామాషీ పుస్తకమా! అట్ట మీద సముద్ర రాక్షసుడు లైట్‌హౌస్‌ను చిటికెన వేలి మీద నిలబెట్టి ఉంటాడు. అచ్చువాళ్లు వేసిన సీలు ఊడితే ప్రదర్శనకు పనికిరాదు; అది అలాగే ఉంది కాబట్టి లోపలి కథ అల్లుడికే తెలియదు. ఆ అట్ట చూసినప్పుడల్లా మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయేవాడు. ఆ గదిలో తుమ్మాలంటే ఇంటిల్లిపాదికీ భయమే.

పెట్టె మూత తీయగానే కాగితాలు కొరికే వెండి రంగు పురుగొకటి సర్రున పాకింది. ఇలాంటి పురుగులు చావాలంటే పుస్తకాన్ని గాలి చొరని సంచిలో చుట్టి కొన్నాళ్లు ఫ్రీజర్‌లో ఉంచాలి. చెబితే ఇంట్లోవాళ్లు నవ్వుతారని, గుట్టుగా మంచుగడ్డల వెనక దూర్చేశాడు. అప్పట్నుంచీ పూటపూటా ఫ్రీజర్ తెరవడం, నిట్టూర్చడం, మూయడం.

అత్తగారు ఇదంతా గమనించింది. పేరుకుపోయిన మంచు చూసి అల్లుడు లోలోపల ఏవగించుకుంటున్నాడని తీర్మానించుకుని చచ్చేంత సిగ్గుపడింది.

ఆదివారం అల్లుడు అధ్యక్షుణ్ణి వెంటబెట్టుకుని వచ్చేసరికి ఫ్రీజర్ తలుపు బార్లా తెరిచి ఉంది. మంచంతా పోయి లోపల అద్దంలా మెరుస్తోంది.

"అత్తయ్యగారూ! ఇందులో సంచి ఉండాలే?"

"కింద వాటా తాతయ్యగారి ఫ్రిజ్‌లో పెట్టించాను బాబూ. ఇంక మీరు నిట్టూర్చక్కర్లేదు!"

అల్లుడు రెండేసి మెట్లు దిగాడు. వెనకే అధ్యక్షుడు, ఆయన వెనక అత్తగారు.

తాతయ్యకు నిన్ననే పన్ను పీకారు. బుగ్గ బంతిలా వాచింది. తలచుట్టూ తువ్వాలు కట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. ఒళ్లో కామిక్కు తెరిచి ఉంది.

"రావయ్యా! మీ అత్తగారు చల్లటి సంచి పంపారు కదా, నా బుగ్గకేననుకుని కట్టుకున్నా. నొప్పి సగం దిగింది. వెచ్చబడ్డాక విప్పి చూద్దును కదా, లోపల పుస్తకం!"

"సీలు..." అన్నాడు అల్లుడు.

"కత్తిరించేశా."

అల్లుడు గోడకు చేరగిలబడ్డాడు. బల్ల పోయింది, పరువు పోయింది. అధ్యక్షుడి చూపు మాత్రం తెరిచిన పేజీల మీదే ఉంది. రెండు పేజీల నిండా సముద్రం. నీలంలో ఎన్ని నీలాలుంటాయో అన్నీ అక్కడే ఉన్నాయి. దాని అడుగున, ఓడలకంటే పెద్ద కన్ను ఒకటి అప్పుడే తెరుచుకుంటోంది.

"అమ్మ బాబోయ్!" అంది అత్తగారు.

అధ్యక్షుడు చతికిలబడి నేల మీదే కూర్చున్నాడు. "మొదట్నుంచీ చదవండి."

తాతయ్య చదివాడు. వాచిన బుగ్గతో రాక్షసుడు గర్జించినా గొణిగినట్టే వినిపించింది. అయినా ఒక్కరూ నవ్వలేదు. అల్లుడు ఎప్పుడొచ్చి పక్కన కూర్చున్నాడో అతనికే తెలియదు. ఇన్నేళ్లూ ఇంత అద్భుతాన్ని ఇంట్లో పెట్టుకుని అట్ట చూసి మురిసిపోయానా అని కళ్లు చెమర్చాయి. చివరి పేజీలో లైట్‌హౌస్ కూలబోతుండగా కథ ఆగిపోయింది. మిగతాది రెండో సంచికలోనట.

"అదెక్కడ దొరుకుతుందండీ?" అల్లుడు ఆత్రంగా అడిగాడు.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్లో ఉంది. నేనూ ఇంతవరకూ విప్పలేదు. పదండి."

ఆ ఏడాది ప్రదర్శనలో నడిమధ్య బల్ల మీద పూలకుండీ పెట్టారు.