కాగితం మీద పెరిగిన పాము

ఆ సోమవారం పొద్దున విఠల్‌రావు వేసుకున్న ప్లాను చాలా చిన్నది. స్కూటరు మీద మూసీ దాటి మాన్య మేడమ్ ఫ్లాటుకు పోవడం, ఒక డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టడం, పదింటికల్లా ఆఫీసులో కూర్చోవడం. డబ్బాలో ఉండేది పాము అన్న సంగతి మాత్రం భార్యకు చెప్పలేదు. కష్టమైన కాగితాన్ని ఫైలు అడుగున పెట్టాలన్నది ఇరవై తొమ్మిదేళ్ళ సర్కారు నౌకరీ ఆయనకు నేర్పిన మొదటి పాఠం.

మేకల పథకాలు చూసే ఆ ఆఫీసులో ఆయన సీనియర్ అసిస్టెంటు. మాన్య మేడమ్ కొత్తగా వచ్చిన ఆఫీసరు. ఆయన్ను ఆదిలాబాద్ అడవుల్లోని ఉట్నూరుకు బదిలీ చేసే ఆర్డరు సంతకం కోసం ఆమె బల్ల మీద పడి ఉంది. శాలిబండలో పుట్టి పెరిగిన విఠల్‌రావు సికింద్రాబాద్ పోవాలన్నా ముందురోజే మంచినీళ్ళ సీసా సర్దుకునే మనిషి. పైగా భార్య కోమలవల్లి, తరాలుగా వస్తున్న గుడి పూలదండల సేవ వదిలి రానుగాక రానని చెప్పేసింది. ఆమె రాకపోతే ఉట్నూరులో ఆయనకు ముద్ద పెట్టే దిక్కు లేదు. అన్నం వండటం మాట అటుంచి, గ్యాసు పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా ఆయనకు తెలియదు.

అట్లాంటి సమయంలో మేడమ్‌కు ఢిల్లీలో పది రోజుల సమావేశాలు వచ్చాయి. "నా బుజ్జిని ఎవరైనా చూసుకుంటారా?" అని అడిగితే ఆఫీసంతా తలెత్తి ఫ్యాను వైపు చూసింది. విఠల్‌రావు ఒక్కడే లేచి నిలబడ్డాడు.

బుజ్జి అమెరికా జాతి హాగ్‌నోస్ పాము. పర్మిట్ కాగితాలన్నీ ఉన్నాయి. మూరెడు పొడుగు, పంది ముట్టెలా పైకి తిరిగిన ముక్కు. రెండేళ్ళొచ్చినా ఎదగడం లేదు, నెలన్నరగా తిండి ముట్టడం లేదు, నలభై ఒక్క గ్రాముల దగ్గర ఆగిపోయింది. అదే మేడమ్ బెంగ. ఆమె ఒక చిన్న త్రాసు, ఐసుగడ్డలా బిగుసుకున్న ఆరు ఎలుకపిల్లలు, ఇంగ్లీషులో టైపు చేసిన నాలుగు పేజీల సూచనలు అప్పగించింది. విఠల్‌రావు నేరుగా నాలుగో పేజీ చివరికి పోయి సంతకం పెట్టాడు. చదివి సంతకం పెట్టే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు.

"ఏందండీ ఆ డబ్బాల?" అంది కోమలవల్లి గుమ్మంలోనే.

"మేడమ్ సామాను."

సామాను బుస్సుమంది.

కోమలవల్లి రెండడుగులు వెనక్కి వేసి, చెంపలు వేసుకుని, తరువాత సంగతంతా కక్కించింది. "సరే, నాగన్న అనుకుంట, దండం పెట్టుకుంట. గని ఆ ఎలుకలు నా ఫ్రిజ్‌ల పెట్టినరనుకో, ఇంక మీ వంట మీరే చేస్కోవాలె."

ఉట్నూరు ఇంట్లోకే నడిచి వచ్చినట్టయింది విఠల్‌రావుకు. కింది వాటాలో ఉండే నల్లాల ఫిట్టరు ఇస్సాకు దగ్గరికి పరుగెత్తాడు.

"ఫికర్ చెయ్యకు అన్నా," అన్నాడు ఇస్సాకు. "మా ఫ్రిజ్‌ల చాపలుంటయ్, బోటి ఉంటది. ఈ ఆరుగురు ఓ మూలకు పడుంటరు."

మంగళవారం పొద్దున ఇస్సాకే ఒక ఎలుకపిల్లను గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, చిమటాతో పట్టుకుని పాము ముందు ఊపాడు. బుజ్జి మెడ వెడల్పు చేసి బుసకొట్టింది. నోరు మూసుకునే ముక్కుతో రెండుసార్లు పొడిచింది. ఆ పైన మెలికలు తిరిగి, వెల్లకిలా పడి, నోరు తెరిచి నాలుక వేలాడేసింది. గదంతా ముక్కు పగిలే కంపు.

"అయిపాయె," అంటూ విఠల్‌రావు నేల మీద కూలబడ్డాడు. "నౌకరీల ఇంకేం మిగిలింది? ఉట్నూరే."

కోమలవల్లికి కళ్ళనీళ్ళొచ్చాయి. "పాపం, ఎవరి ఇంటికో వచ్చి పాణం ఇడిసింది. పాము పోతే ఊరికె పారేయొద్దు. నెయ్యి, చందనం పెట్టి దహనం చెయ్యాలె." ముందు మర్యాదగా ఉంటుందని అట్లకాడతో దాన్ని బోర్లా తిప్పింది. అది చటుక్కున మళ్ళీ వెల్లకిలా పడింది. మళ్ళీ తిప్పింది. మళ్ళీ పడింది. మూడోసారి కోమలవల్లి కళ్ళు తుడుచుకుని అట్లకాడ పక్కన పెట్టింది.

"నిజంగ సచ్చినోళ్ళు ఎట్ల పండవెడితే అట్ల పండుకుంటరు. ఇది యాక్టింగ్ చేస్తున్నదండీ!"

భయపడితే ఈ జాతి చచ్చినట్టు నటిస్తుందని మూడో పేజీలో శుభ్రంగా రాసి ఉంది. ఎవరు చదవాలి? ఆ రోజు నుంచి ఆ డబ్బా మూత తీయకూడదని విఠల్‌రావు ఒట్టు పెట్టుకున్నాడు. మూతను వేలు పట్టేంత ఎత్తి నీళ్ళగిన్నె నింపడం వరకే.

చిక్కు బుధవారం పొద్దున వచ్చింది. "బుజ్జి బరువెంత?" అని మేడమ్ మెసేజ్. తూచాలంటే పట్టుకోవాలి. పట్టుకోవాలంటే ధైర్యం కావాలి. విఠల్‌రావు దగ్గర ఉన్నది అనుభవం. చాలా ఊళ్ళ నుంచి మేకల బరువు రిపోర్టులు ఎట్లా తయారై వస్తాయో ఆయనకు తెలుసు. పోయిన నెల అంకెకు రెండు కలుపుతారు, అంతే. ఆయన కూడా నలభై ఒకటికి రెండు కలిపి నలభై మూడు అని పంపాడు.

మేడమ్ ఆనందం చూసి ఆయన చెయ్యి ఆగలేదు. గురువారం నలభై ఆరు, శుక్రవారం యాభై. "మరి తిన్నాడా?" అన్నదానికి మాత్రం నిజమే చెప్పాడు, లేదని. ఎలుకపిల్లలు లెక్కకు అందే సరుకు. ఒకటి వృథా అయింది, ఇస్సాకు ఫ్రిజ్‌లో ఇంకా ఐదు ఉన్నాయి. ఎక్కడ అబద్ధమాడాలో, ఎక్కడ ఆడకూడదో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు ఉన్న మనిషికి ఒకరు చెప్పాలా?

సరిగ్గా అక్కడే కొంప మునిగింది. మేడమ్ ఆ లెక్కలు తీసుకుపోయి పాముల డాక్టర్ అంజన్‌కు చూపించింది. తిండి తినకుండా తొమ్మిది గ్రాములు పెరిగిందంటే కడుపులో గుడ్లున్నట్టే, ఇన్నాళ్ళూ మగదనుకున్నది ఆడదే అయ్యుండాలి, తోడు లేకుండానే గుడ్లు పెట్టడం పాముల్లో ఉన్నదే అన్నాడాయన. మేడమ్ ఢిల్లీ నుంచి ఫోనుకు మిఠాయి బొమ్మలు పది పంపింది.

పైకి పోయిన లెక్కను కొంచెం కిందికి దించితే లొల్లి సద్దుమణుగుతుందనుకున్నాడు విఠల్‌రావు. శనివారం పొద్దున నలభై ఐదు అని పంపాడు. నిమిషంలో ఫోను మోగింది.

"విఠల్‌రావు గారూ! ఒక్కరోజులో ఐదు గ్రాములు తగ్గిందంటే గుడ్లు పెట్టేసింది! వాటిని కదపొద్దు. రేపు పొద్దున ఫ్లైటుకు వస్తున్నా. డాక్టర్ గారినీ తీసుకొస్తా."

ఫోను స్పీకర్‌లో ఉంది. కోమలవల్లి చేతిలో సగం కట్టిన మల్లెదండ ఆగిపోయింది. "ఇంట్ల పురుడైందా? అయితే నేను గుడికి దండలు కట్టొచ్చునా, వద్దా? గింత సంగతైతే నాకు చెప్పరా?" గంటలో వార్త కింది వాటాకు దిగింది. ఇస్సాకు భార్య మాణిక్యమ్మ గిన్నెలో బాలింత కాయం పట్టుకుని పైకి వచ్చింది. "ఎవరికైనా కానుపు కానుపే గద వదినా," అంది.

విఠల్‌రావు ఇస్సాకును మెట్ల మీదికి లాక్కుపోయి నిజం చెప్పేశాడు. ఇస్సాకు గడ్డం గోక్కున్నాడు. "గుడ్లే గదన్నా కావాలె? ముర్గీ చౌక్‌ల కౌజుపిట్ట గుడ్లు దొరుకుతయ్. చిన్నగ, ముద్దుగ ఉంటయ్."

"మచ్చలుంటయ్ గదనే?"

"పాన్ డబ్బ సున్నం కొడదాం."

పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి గుడ్డు ముట్టని విఠల్‌రావు, సాయంత్రం వరకు కూర్చుని అయిదు గుడ్లకు రెండు కోటింగులు వేశాడు. ఇస్సాకు వాటిని డబ్బాలో ఓ మూలకు పేర్చాడు. బుజ్జి వాటిని వాసన చూసి, దూరంగా జరిగి పడుకుంది.

ఆదివారం పదకొండు గంటలకు మాన్య మేడమ్, ఆమె వెనుక డాక్టర్ అంజన్ మెట్లెక్కారు. డాక్టర్ మూత తీసి, పామును త్రాసు మీద పెట్టాడు. నలభై ఒకటి. పామును దించి గుడ్లన్నీ పెట్టాడు. యాభై ఐదు.

"మేడమ్," అన్నాడు శాంతంగా, "తల్లి నలభై ఒకటి. గుడ్లు యాభై ఐదు." ఒక గుడ్డును బొటనవేలితో రుద్దాడు. సున్నం రాలి మచ్చలు తేలాయి. తరువాత పాము తోక కింద పరీక్షగా చూశాడు. "ఇంకో మాట. ఇది తల్లి కాదు. మగదే."

బుజ్జి వెల్లకిలా పడి నాలుక వేలాడేసింది.

"అగో, మళ్ళ షురూ చేసింది," అంది కోమలవల్లి.

డాక్టర్‌కు కోపం రాలేదు, పైగా సంతోషించాడు. మగవి ఇంతకు మించి పెద్దగా ఎదగవట, ఈ కాలంలో తిండి మానేయడం కూడా వాటికి మామూలేనట. "మేడమ్, మీరు రోజూ తీసి తూచి బెదరగొట్టడమే తప్పు. వారం తినకపోయినా ఒక్క గ్రాము తగ్గలేదు చూడండి. ఈయన ముట్టుకోకపోవడమే మంచిదైంది. వదిలేయండి, ఆకలేస్తే అదే తింటుంది." కాయం ఒక ముద్ద నోట్లో వేసుకుని ఆయన వెళ్ళిపోయాడు.

మేడమ్ మాత్రం కుర్చీలోంచి లేవలేదు. "ఒక్కసారైనా తూచారా?"

"లేదు మేడమ్."

"మరి నలభై మూడు, నలభై ఆరు, యాభై?"

"మేకల రిపోర్టు లెక్కన రాసిన మేడమ్." విఠల్‌రావు చేతులు జోడించాడు. "తప్పైంది. ఆ ఉట్నూరు ఆర్డరు మీద సంతకం పెట్టుండ్రి. రేపే పోత."

"ఢిల్లీలో వారం రోజులు నన్ను నిలబెట్టి అడిగారు, మీ మేకలు ఎందుకు ఎదగడం లేదని. నా దగ్గర జవాబు లేదు." మేడమ్ బల్ల మీది సున్నపు గుడ్డును వేలితో దొర్లించింది. "మీరు రాస్తే గాలికి కూడా డాక్టర్ గారు నమ్మేటంత బరువొచ్చింది. వచ్చే నెల వార్షిక నివేదిక పంపాలి. మీరు ఉట్నూరు పోతే అది ఎవరు రాస్తారు?"

కోమలవల్లి లోపలికి పోయి అన్నానికి ఎసరు పెట్టింది.

కానీ ఉట్నూరుకు ఎవరో ఒకరు పోవాలి కదా. ఆ ఆఫీసులో ఊరూరా తిరిగి మేకలను నిజంగా త్రాసు మీద నిలబెట్టి తూచే మనిషి ఒక్కడే ఉండేవాడు, జగదీశ్వర్ అని. ఢిల్లీ దాకా పోయిన ఆ ఎదగని మేకల లెక్కలు ఆయనవే. మరుసటి సోమవారం ఆయన బస్సెక్కాడు.