కొత్తగూడ జెండాకు బావి తాడు

స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్లు నిండిన సందర్భంగా తాలూకాలోకెల్లా ఎత్తైన జెండా మన కొత్తగూడలో ఎగురుతుందని, మంత్రిగారే వచ్చి ఎగరేస్తారని బి.డి.ఓ. సోమేశ్వరరావుగారు ప్రకటించారు. నేను కిరాణా వ్యాపారిని. లాభనష్టాలు బేరీజు వేయకుండా చప్పట్లు కొట్టను. ఆ రోజు వెంటనే కొట్టాను. జనం చేరిన చోట గోలీసోడా నిలవదు.

ఎత్తైన కర్ర దొరికింది. అంత పొడవు తాడు దొరకలేదు. పట్నంలోని తాళ్లన్నీ అప్పటికే దేశభక్తిలో ఉన్నాయి. ఆ యేడు వానలు లేక మా మంచినీళ్ల బావి అడుగంటింది కాబట్టి దాని చేంతాడు మాత్రం చాలా పొడవు. సోమేశ్వరరావుగారు గిలకతో సహా విప్పించారు. కరువును దేశానికి ఉపయోగపెట్టిన అధికారిని నేను అంతకుముందు చూడలేదు.

“సారూ, నా కోడలు బాలింత. నీళ్లెట్ల చేదాలె?” అంది బుచ్చమ్మ, ఖాళీ బిందెతో.

“దేశం కోసం ఒక్క పూట ఓర్చుకోలేవామ్మా? జెండా ఎగరగానే ఇచ్చేస్తాం.”

పొద్దున్నే రావలసిన మంత్రిగారు మధ్యాహ్నానికి వచ్చారు. తాడు లాగితే పూలు రాలాయి. ఊరూరికీ మంచినీళ్లిచ్చామని ప్రసంగించి, నా సోడా తాగి, తెల్లాపూర్ సభకు వెళ్లారు.

బుచ్చమ్మ తాడు మీద చెయ్యి వేసింది. సోమేశ్వరరావుగారు అడ్డం వచ్చారు.

“పొద్దుగూకేదాకా దించకూడదమ్మా. రూలు.”

“అయితే గిక్కడనే కూసుంట. మల్ల గీ తాడు ఇంకే ఊరికో పోతది.”

కూర్చుంది. ఊళ్లోని ఆడవాళ్లంతా బిందెలతో వచ్చి పక్కన కూర్చున్నారు. అందరి కళ్లూ జెండా మీదే. బాలింతకు మాత్రం నా సోడానే కాచి ఇచ్చారు.

సాయంత్రం తిరిగి వస్తూ మంత్రిగారు కారు ఆపించారు.

“ఎవరయ్యా వీళ్లంతా?”

“జెండాను విడిచి వెళ్లలేనివాళ్లండి. మధ్యాహ్నం నుంచీ కదల్లేదండి,” అన్నారు సోమేశ్వరరావుగారు.

మంత్రిగారి కళ్లు చెమ్మగిల్లాయి. ఆ రోజు మా ఊళ్లో ఊరిన నీళ్లు అవే.

“ఇంత భక్తి ఉన్న ఊళ్లో జెండా ఏడాదికి ఒక్కనాడా? రోజూ ఎగరాలి. ఈ కర్ర, ఈ తాడు, ఈ గిలక ఇక్కడే శాశ్వతంగా ఉండాలి. ఎవరూ ముట్టుకోకూడదు.”

సోమేశ్వరరావుగారు చప్పట్లు కొట్టారు. కారు వెళ్లిపోయింది. బుచ్చమ్మ లేచి బిందె చంకనెత్తుకుని నా దుకాణానికి వచ్చింది.

“సేటూ, సోడాల బియ్యం ఉడుకుతయా?”

“జర చూడాలె,” అని, ఇంకో నాలుగు పెట్టెల కోసం పట్నానికి కబురు పంపాను.