పదకొండో గల్లీ దోమలకు ఉచిత వైద్యం

మానవజాతి చరిత్రలో దోమను చంపడానికి బోలెడు పథకాలు వచ్చాయి గాని, దానికి వైద్యం చేసి పంపే పథకం మాత్రం ముంబయిలోని కామాటిపుర పదకొండో గల్లీకే దక్కింది. కీటక ఆరోగ్య విభాగం (ఉంది, నమ్మనివాళ్ళకు కొత్త బోర్డు చూపిస్తారు) గంభీరంగా ప్రకటించింది: "మలేరియాకు మొదటి రోగి దోమ. మనిషి రెండో రోగి మాత్రమే."

మాటలో తప్పేమీ లేదు. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరిగాకే మనిషికి ఎక్కుతుంది. అదే కడుపులో ఒకరకం మంచి బ్యాక్టీరియా కాపురం పెడితే ఆ క్రిమి అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత దోమ కుట్టినా దద్దురే గాని మలేరియా రాదు. ఆ బ్యాక్టీరియాను చక్కెర పాకంలో కలిపి, గదుల వరసల పాత మేడ అయిన చాల్‌లో ఖోలీకి, అంటే గదికి, ఒక సీసా చొప్పున పంచారు. దూది తడిపి గ్యాలరీలో పెడితే లబ్ధిదారులు ఎగిరొచ్చి తాగుతారు.

రెండో అంతస్తు రత్నాబాయికి సీసా అందే వేళకు ఆమె మనవరాలు మనాలి మూడు బొంతల కింద గజగజ వణుకుతోంది. పోయిన వానాకాలమూ ఇదే వణుకు. ముసలామెకు కావాల్సింది ఒక్కటే: ఎవరైనా పిల్ల రక్తం చూసి మాత్రలివ్వాలి.

"సాహిల్, దోమల ముచ్చట తర్వాత. మా పోరికి మూడు దినాల సంది జరం. రక్తం ఎవరు చూస్తరు?" అని సీసా తెచ్చిన ఉద్యోగిని నిలదీసింది.

సాహిల్ వర్లి చాల్‌లో పుట్టిన తెలుగువాడే, పిన్నిని మావ్షీ అనే మరాఠీ అలవాటు మాత్రం అంటుకుంది. "చూసేటాయనను దోమల కాడికి బదిలీ చేసిండ్రు మావ్షీ. మనుషుల రిపోర్టుకు పదిహేను దినాలు పడుతది."

"మరి గీ తీపినీళ్ళేం జేస్తయి?"

"దోమ తాగితే దాని కడుపుల జరం క్రిమి చస్తది."

రత్నాబాయికి అంతా సరిగ్గానే అర్థమైంది. అయితే జరాన్ని తీసుకుపోయే తీపిని పోచమ్మకు సాక పోయకుండా ముందే దోమల నోట్లో పెట్టడం ఆ ఇంట ఏనాడూ లేదు. నలభై ఖోలీల ఆడవాళ్ళూ అవునంటే అవునన్నారు. తలస్నానాలు చేసి, వేపమండలు పట్టుకుని, గల్లీ మొదట్లో ఉన్న పోచమ్మ గద్దె ముందు నలభై సీసాలూ ధార పోశారు. "తల్లీ, మా పోరిని సల్లగ సూడు" అని రత్నాబాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

మర్నాడు తనిఖీలో నలభై దూదులూ పొడిగా ఉన్నాయి. లబ్ధిదారులను పస్తులుంచినందుకు నలభై నోటీసులు వెళ్ళాయి. విచారణకు పర్యవేక్షకురాలు ప్రాజక్త మేడం స్వయంగా వచ్చి చూస్తే, గల్లీలోని దోమలన్నీ పోచమ్మ దగ్గరే విందులో ఉన్నాయి. వలవేసి నాలుగొందల పదిహేడింటిని పట్టి పరీక్షకు పంపింది. సాయంత్రానికే రిపోర్టు: అన్నింటికీ బ్యాక్టీరియా ఉంది, ఒక్కదానికీ మలేరియా లేదు. నోటీసులు రద్దయ్యాయి. పోచమ్మ పేరు స్వచ్ఛంద పోషకురాలిగా రిజిస్టరుకెక్కింది (సంతకం గడిలో కుంకుమబొట్టు).

రత్నాబాయికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. "ఏంది మేడం? దోమ రిపోర్టు పొద్దుమీకేవరకు, మా పోరిది పదిహేను దినాలకా?"

దోమలు పథకంలో ఉన్నాయి, పిల్ల లేదు అని మేడం శాంతంగా సెలవిచ్చింది.

"అట్లయితె మా పోరిని గూడ దోమలల్ల రాసుకోండ్రి!"

విభాగం ఏ అభ్యర్థననూ ఫారం లేకుండా తోసిపుచ్చదు. ఫారం ఉంది. సాహిల్ పక్కన కూర్చుని నింపించాడు. కాళ్ళు: రెండు (మిగతా నాలుగు తర్వాత సమర్పించబడును). నివాసం: నీళ్ళ డ్రమ్ము పక్కన. ఇష్టమైన ఆహారం: చక్కెర.

"ఆజీ, ఎగరనీకి వస్తదా అని అడిగితే జరం తగ్గినాక అని రాయి" అని ముసలామెకు చెప్పింది మనాలి బొంతలోంచి.

ఆ విధంగా మనాలి నాలుగొందల పద్దెనిమిదో దోమ అయింది. వెంటనే రక్తం తీశారు, సాయంత్రానికి రిపోర్టు చేతికొచ్చింది: మలేరియా ఉంది. దవాఖానా డాక్టరు రిపోర్టులో జాతి అన్న గడి చదవలేదు (చదివే తీరిక ఏ డాక్టరుకుంది?), మాత్రలు రాసిచ్చాడు. నాలుగో రోజుకు జరం దిగింది, పదో రోజుకు పిల్ల బడికి పోయింది. రత్నాబాయి ప్రాణం కుదుటపడింది.

కాని నిబంధన ఒకటి మిగిలిపోయింది. పాకం పంచాక కూడా మలేరియా ఉన్నట్టు తేలిన దోమను నిర్మూలించి నివేదించాలి. సాహిల్ ఉత్తర్వు పట్టుకొచ్చి తలుపు దగ్గర తల గోక్కున్నాడు.

"మావ్షీ, ఏమనుకోకు. నాలుగొందల పద్దెనిమిది సచ్చిందని సంతకం పెడితే ఫైలు మూస్తరు. లేకుంటె పొగ మిషను తీస్కొని ఇంట్లకొస్తరు."

రత్నాబాయి ఒకసారి మనవరాలిని చూసింది. తూ తూ అని దిష్టి తీసి, సంతకం పెట్టింది. మనాలి ఇప్పుడు చాల్ మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతోంది; విభాగం వార్షిక నివేదిక ప్రకారం పదకొండో గల్లీలో మలేరియా ఆమె మరణంతో సంపూర్ణంగా అంతమైంది.